యేషూ మావాడే

మా క్రైస్తవ మఠాల్లో పుస్తకం రాసిన ప్రతివాడూ పాపే. చివర ఆ మాట రాయకపోతే పుస్తకం పూర్తయినట్టు కాదు. "నేను దుమ్మును, సన్యాసి అనే పేరుకు తగనివాణ్ణి, పాపులందరిలోకీ పెద్ద పాపిని, ఈ వంకర అక్షరాలు గీశాను, చదివేవారు నా కోసం ప్రార్థించండి" అని వెయ్యేళ్ళుగా రాస్తూనే ఉన్నారు. అక్షరాలు చూస్తే ముత్యాలు. ఇంతకీ ఏం పాపం చేశాడయ్యా అని వెతికితే ఒక్కడూ చెప్పడు. ఒకడు తాను కుక్కకన్నా హీనమంటే, తరవాతివాడు ఆ కుక్క కాలికింద మట్టినంటాడు. వినయంలో ఇంత పోటీ నేను మరెక్కడా చూడలేదు.

నాలాంటివాడికి తంటా ఏమిటంటే, ఈ వినయం ముదిరి చాలామంది పేరైనా సరిగా చెప్పరు. ఒట్టి "యేషూ" అని రాసి ఊరుకుంటారు. మా మోర్ దనహో మఠంలో నాకు తేలినవాళ్ళే పదకొండు మంది యేషూలు. వంటవాడు యేషూ, గుడ్డి యేషూ, రెండుసార్లు పారిపోయి రెండుసార్లూ ఆకలేసి తిరిగొచ్చిన యేషూ. ఏ పుస్తకం ఏ యేషూదో తేల్చడమే ఇరవై ఆరేళ్ళుగా నా పని. నా పేరు లహదో. మఠం బడిలో పంతుల్ని, గుడిలో పాదిరికి సాయపడే డీకన్‌ని. పుస్తకాల గది తాళంచెవి నా నడుముకే ఉంటుంది.

పదకొండు మందిలో గొడవంతా ఒక్క యేషూ గురించి. తొమ్మిది వందల ఏళ్ళ కిందట మా కొండల మీద మిడతలు పడి రెండేళ్ళు కరువొచ్చింది. ఆ కరువు చరిత్రను ఒక సన్యాసి రాసిపెట్టాడు. ఆయన చేత్తో రాసిన పుస్తకం పోయింది. మూడు వందల ఏళ్ళ కిందట కఫర్‌జైతో అనే మా ఊరి పాదిరి షెమూన్ దాన్ని చూసి రాసుకున్న ప్రతి ఒక్కటే మిగిలింది. దాని చివర "పాపి యేషూ" అని ఉంటుంది. ఊరు లేదు, తండ్రి పేరు లేదు. అదే కరువులో యేషూ అనే మఠాధిపతి గాదెలు తెరిపించి చుట్టుపక్కల ఊళ్ళను బతికించాడు. ఆయన ఎముకలు మా గుడి కింద గదిలో ఉన్నాయి, జనం మొక్కుతారు. తిండి పెట్టిన యేషూ, చరిత్ర రాసిన యేషూ ఒక్కరేననీ, మా ఊరి బావులన్నిటినీ పేరుపేరునా చెప్పాడు కాబట్టి ఆయనది కఫర్‌జైతోనేననీ నేనొక పుస్తకం రాశాను. ఆ పుస్తకంతోనే లహదో కాస్తా లహదో పంతులయ్యాడు. స్వీడన్‌కు వెళ్ళిపోయిన మా ఊరివాళ్ళ ఇళ్ళలో అది టీవీ పక్కన నిలబెట్టి ఉంటుంది. చదివారని మాత్రం నేను చెప్పలేను.

ఒప్పుకోనివాడు మెల్కే ఒక్కడు. పక్క ఊరు బేత్‌షూరో వాడు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం, పెద్దయ్యాక ఒకే బడిలో పాఠాలు చెప్పాం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నేనంటే, కుందేలు కాళ్ళు వంగి లెక్కపెట్టే రకం వాడు.

"రాసినవాడు పెద్ద తలుపు పక్కనే కూర్చుని రాశాడ్రా. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవడి గాడిద కుంటుతోంది, అన్నీ అక్కణ్ణించి చూసినవే. మఠాధిపతికి తలుపు దగ్గరేం పని?" అనేవాడు.

"వినయం రా. మహానుభావులు గుమ్మం దగ్గరే కూర్చుంటారు."

"మన బిషప్పుగారు ఎప్పుడైనా కూర్చోగా చూశావా?"

"ఆయన మహానుభావుడని ఎవరన్నారు?"

అక్కడికి ఇద్దరం నవ్వుకుని టీ తాగేవాళ్ళం. అలా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది.

మెల్కేకి ఇంకో పిచ్చి సాక్ష్యం ఉండేది. ఏటా చలికాలంలో మూడు రోజుల నీనెవే ఉపవాసం వస్తుంది. మూడో రోజు బేత్‌షూరో ఆడవాళ్ళు తలా ఒక రొట్టె తెచ్చి మఠం పెద్ద తలుపు బయట పెట్టి, లోపలికి అడుగుపెట్టకుండా వెళ్ళిపోతారు. కాకులూ కుక్కలూ తింటాయి. ఎందుకమ్మా అంటే "మా అమ్మమ్మ పెట్టేది" అంటారు. మా మఠం వంటశాల చూసుకునే సన్యాసిని హత్తూనక్కదీ ఆ ఊరే. ముప్ఫై ఏళ్ళుగా మఠం లోపలే ఉంటుంది, అయినా ఆ ఒక్కరోజు తన రొట్టెను బయటికి తీసుకెళ్ళి పెట్టి వస్తుంది. కరువులో ఆ తలుపు దగ్గర ఏదో జరిగింది, అది పుస్తకంలో లేదు, ఎందుకు లేదో చూడాలంటాడు మెల్కే.

ఇంతలో మా బిషప్పుగారికి ఒక ఆలోచన వచ్చింది. మేం ఆయన్ని సైదనా అంటాం. ఆగస్టులో మరియమ్మ పండగకు విదేశాల నుంచి మావాళ్ళు వస్తారు కదా, వాళ్ళ ముందు చరిత్రకారుడు యేషూ పేరున గుడి ముందు రాయి నిలబెడతానన్నారు. యేషూది ఏ ఊరని తేలితే ఆ ఊరి పేరు రాతి మీద ఉంటుంది. ఆయన కుడిచేతి ఎముకను వెండి పెట్టెలో పెట్టి ఏటా ఆ ఊరికి ఊరేగింపుగా తీసుకెళతారు. దాంతో రెండు ఊళ్ళకూ పూనకం వచ్చింది. అంతవరకూ యేషూ ఎవరో తెలియనివాళ్ళు కూడా "యేషూ మావాడే" అని చొక్కాలు చింపుకున్నారు. పండగ ముందురోజు నేనూ మెల్కే అందరి ముందూ వాదించాలని, ఆ తరవాత తీర్పు చెబుతానని సైదనా ప్రకటించారు. ఓడిపోతే ఇరవై ఆరేళ్ళ నా పేరు పోతుంది. అది నాకు బాగా తెలుసు.

పండగలో చూపించడానికి షెమూన్ ప్రతికి అట్ట బాగుచేయమని నాకే చెప్పారు. మా పాత పుస్తకాల అట్టలు చెక్క కాదు. పనికిరాని పాత ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పిండి జిగురుతో అతికించి గట్టి చేస్తారు. దేవుడి పేరున్న ఆకును కాల్చడం, పారేయడం మాకు మహాపాపం. పూడ్చిపెట్టాలి, లేదా ఇలా అట్టలో వాడాలి. నేను వేడినీళ్ళ ఆవిరి పట్టి అట్టను విడదీస్తున్నాను. ప్రార్థన పుస్తకాల తునకలు, పెళ్ళి పాటలు ఒక్కొక్కటే ఊడివస్తున్నాయి. అన్నిటికన్నా లోపల ఒక తోలు ఆకు వచ్చింది. పాత కాలపు రాత. మూల గ్రంథంలోని ఆఖరి ఆకు.

"పాపినని అందరూ రాస్తారు. నేను నా పాపం రాస్తాను" అని మొదలుపెట్టాడు. "నేను యేషూని, కఫర్‌జైతో వాణ్ణి, ఈ మఠం తలుపు కాపలావాణ్ణి. రెండో ఏడు చలికాలం, నీనెవే ఉపవాసం మూడో రోజు, బేత్‌షూరో నుంచి నలభై ఒక్క మంది వచ్చి తలుపు తట్టారు. ఎవరొచ్చినా తెరవమని మఠాధిపతి యేషూ ఆజ్ఞ. తాళం నా చేతిలో ఉంది. ద్రాక్షతోట గట్టు తగాదాలో ఆ ఊరివాళ్ళు నా తమ్ముణ్ణి కొట్టారు. అది నా మనసులో ఉంది. నేను తెరవలేదు. ఎవరక్కడ అని ఆయన అడిగితే, గాలి, అన్నాను. తెల్లారేసరికి మంచు వాళ్ళను కప్పేసింది. ఈ ఒక్క ఆకు రాయడానికే మిగతా పుస్తకమంతా రాశాను. దీన్ని ఎత్తి రాసేవాడు ఈ ఆకును వదిలిపెట్టకూడదు."

పాదిరి షెమూన్ వదిలిపెట్టాడు. తన ఊరి పరువు కోసం ఆ ఆకును దాచాడు. కాల్చే ధైర్యం లేదు, పైన దేవుడి పేరుంది మరి. అందుకే అట్టలో అతికించి, పైన పెళ్ళి పాటలు అంటించాడు. అబద్ధమాడడానికి భయం లేదు కానీ ఆకు కాల్చడానికి భయం. మా భక్తి అలాంటిది.

మెల్కే చెప్పిందంతా నిజమే. ఇద్దరు యేషూలు. ఒకడు తెరవమన్నాడు, ఒకడు తెరవలేదు. మేం ముప్ఫై తరాలుగా మొక్కుతున్న చెయ్యి తెరవమన్నవాడిది. మేం రాయి నిలబెట్టబోతున్నది తెరవనివాడికి.

నేను షెమూన్‌ను చెడతిట్టుకున్నాను. ఆ తరవాత వంటశాలకు వెళ్ళి, "అక్కా, కాస్త పిండి జిగురు కాచి పెట్టు" అన్నాను.

హత్తూనక్క నావైపు చూసింది. "అట్ట విప్పడానికి వేడినీళ్ళు తీసుకెళ్ళావు కదా పంతులూ. అప్పుడే మళ్ళీ అతికించేస్తున్నావా?"

"లోపలేం లేదక్కా. ఊరికే పాతబడింది."

ఆవిడ గిన్నెడు జిగురు కాచి ఇచ్చింది. ఆ ఆకును ఎక్కడినుంచి తీశానో అక్కడే అతికించి, దాని మీద మళ్ళీ ఆ పెళ్ళి పాటలే అంటించాను. పని నీటుగా వచ్చింది. షెమూన్ కన్నా నా చెయ్యి మంచిదని ఒక క్షణం గర్వం కూడా కలిగింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

వాదన రోజు గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. స్వీడన్ వాళ్ళు నల్లకళ్ళద్దాలతో ముందు వరసలో కూర్చున్నారు. మెల్కే పాత కోటు వేసుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని మాట్లాడాడు. తలుపు సంగతి చెప్పాడు, గాడిదల సంగతి చెప్పాడు. చివరికి రొట్టెల దగ్గరికి వచ్చాడు.

"తొమ్మిది వందల ఏళ్ళుగా ఒక ఊరి ఆడవాళ్ళు ఊరికే రొట్టెలు పారేయరండి. ఏదో బాకీ ఉంది."

నేను లేచాను. "రొట్టె మీద సంతకం ఉందా మెల్కే? తారీఖు వేశారా?"

జనం విరగబడి నవ్వారు. "పోనీ ఏ యేషూ కాల్చిన రొట్టె అది? మా దగ్గర వంటవాడు యేషూ కూడా ఉన్నాడు" అన్నాను. సైదనా గడ్డం చాటున నవ్వడం నాకు కనిపించింది.

మెల్కే మాత్రం నవ్వలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒక్కటి చెప్పరా లహదో. నువ్వు అట్ట విప్పావు కదా. లోపల ఏమైనా కనిపించిందా?"

తేలు కుట్టిన దొంగకు కూడా నాకొచ్చినంత కష్టం ఉండదు, వాడు నోరు మూసుకుంటే చాలు. నేను మాట్లాడాలి.

"జిగురు కనిపించింది" అన్నాను.

మళ్ళీ నవ్వులు. వాడొక్కడే నన్ను చూస్తూ నిలబడ్డాడు. ఒకే బల్ల మీద ఎనిమిదేళ్ళు కూర్చున్నవాడికి నా అబద్ధం తెలియకుండా ఎలా ఉంటుంది? సైదనా కఫర్‌జైతో పేరు చెప్పగానే మావాళ్ళు డోలు మోగించారు. తరవాత సైదనా ఎంతో ప్రేమగా, "మెల్కే, నువ్వు అలిసిపోయావు నాయనా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అన్నారు. మా మఠంలో విశ్రాంతి అంటే ఇంక రావద్దని. వాడు బడి మానేసి బేత్‌షూరోలో నాన్న ద్రాక్షతోట చూసుకోడానికి వెళ్ళిపోయాడు. మర్నాడు యేషూ చెయ్యి బాజాభజంత్రీలతో మా ఊరొచ్చింది. మా ఊరి పెద్ద బర్సౌమో నన్ను భుజాలకెత్తుకున్నంత పని చేశాడు.

ఆ శరత్కాలం సైదనా నాకింకో గౌరవం ఇచ్చారు. చరిత్ర మొత్తం కొత్తగా, అందంగా, చేత్తో ఎత్తి రాయాలి, దాన్ని మా ఊరి గుడిలో వెండి పెట్టె పక్కన ఉంచుతారు. రాయడం మొదలుపెట్టాను. రోజుకు రెండు పుటలు. రాస్తున్నకొద్దీ ఆ యేషూ నా చేతిలోకి దూరినట్టనిపించేది. ఎవరి గాడిద కుంటుతోందో కూడా రాసినవాడు, తలుపు తట్టినవాళ్ళను ఎంతసేపు విన్నాడో రాయలేదు. నాకు అన్నం సయించడం మానేసింది.

నీనెవే ఉపవాసం మూడో రోజు మంచు పడింది. పుస్తకాల గది కిటికీలోంచి చూశాను. బేత్‌షూరో ఆడవాళ్ళు కొండెక్కి వచ్చి, తలుపు బయట మంచు మీద రొట్టెలు పెట్టి వెనక్కి తిరిగారు. హత్తూనక్క తన రొట్టె పెట్టి లోపలికొచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటూ నేను మెట్ల మీద నిలబడి ఉండడం చూసింది.

"మెల్కే ఎలా ఉన్నాడక్కా?" అన్నాను.

"తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నాడు. ఎవరితో మాట్లాడడు." చేతులు రుద్దుకుంది. "పంతులూ, నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ మఠానికి జిగురు కాస్తున్నాను. ఏమీ లేని అట్టకి అంత జిగురు పట్టదు."

"తెలిసి ఎందుకిచ్చావు మరి?"

"నువ్వడిగావు, ఇచ్చాను. వేడినీళ్ళు అడిగినా ఇస్తాను."

అడిగాను. సాయంత్రంలోపు ఆకు బయటికొచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే బేత్‌షూరోకు నడిచాను. మెల్కే తోటలో కత్తెరతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. గట్టు మీద కూర్చుని ఆకు చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. గెలిచానని అరుస్తాడేమో, నా మొహాన ఉమ్మేస్తాడేమో అనుకున్నాను. ఏదైనా సరే, పడదామనే వెళ్ళాను.

"వాళ్ళ పేర్లు లేవు" అన్నాడు.

"ఎవరివి?"

"నలభై ఒక్క మందివి. తన పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు, తమ్ముడి సంగతి రాసుకున్నాడు. వాళ్ళలో ఒక్కడి పేరైనా రాయలేదు." ఆకును జాగ్రత్తగా మడత పడకుండా గుడ్డలో పెట్టాడు. "మనిద్దరం మాత్రం ఏం తక్కువ తిన్నాం? వీడెవడో తేల్చుకోడానికే ఇరవయ్యేళ్ళు కొట్టుకున్నాం. వాళ్ళెవరని నేను కూడా అడగలేదు."

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. వాడు ఓదార్చలేదు. కాసేపయ్యాక కత్తెర నా చేతికిచ్చి, "ఆ వరస నువ్వు కొయ్యి. పల్చగా కొయ్యి, నీ పుస్తకంలా కాదు" అన్నాడు.

తిరిగొచ్చి కొత్త ప్రతిని పూర్తిచేశాను. యేషూ ఆఖరి ఆకును అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశాను. దాని కింద రాసినవాడి మాటలు ఉండాలి కదా, ఇలా రాశాను: "నేను లహదోని, కఫర్‌జైతో వాణ్ణి. పాపినని అందరూ రాస్తారు. నా పాపం ఇది. పై ఆకు దొరికిన రోజే దాన్ని మళ్ళీ అట్టలో అతికించాను. నా స్నేహితుడు మెల్కే నిజం చెబుతుంటే నలుగురిలో నవ్వులపాలు చేశాను. లోపల ఏముందని అడిగితే, జిగురు, అన్నాను. దీన్ని ఎత్తి రాసేవాడు ఈ మాటలు కూడా వదిలిపెట్టకూడదు."

పుస్తకం సైదనా చేతికిచ్చాను. సంగతి ఒక్క పూటలో రెండు ఊళ్ళకూ పాకింది. సాయంత్రానికల్లా మా బర్సౌమో కారేసుకుని వచ్చేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే మొదలుపెట్టాడు.

"యేషూ మావాడని మేమెప్పుడన్నాం సైదనా? ఈ పంతులే అన్నాడు. ఆ రాత చూస్తే నాకు బేత్‌షూరో వాడిలా ఉన్నాడు."

"తలుపు బయట చచ్చింది బేత్‌షూరో వాళ్ళయ్యా" అన్నాను.

"అయితే ఇంకేదో ఊరి వాడు. ఊళ్ళకేం కొదవా?"

సైదనా చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "రాయి నిలబెట్టేశాం. చెయ్యి ఊరేగించేశాం. ఇప్పుడు జనానికి ఏం చెప్పను?" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "చింపమని నేననడం లేదు లహదో. దేవుడి పేరుంది, మహాపాపం. ఆ చివరి రెండు ఆకులూ తీసి, కొత్త పుస్తకానికి అట్ట ఎలాగూ కట్టాలి కదా, అందులో పెట్టేయ్. పాత ఆకును కూడా అందులోనే పెట్టు. ఎక్కడికీ పోవు" అన్నారు.

షెమూన్ దాచిన చోటే, నేను దాచిన చోటే ఆయనా దాచమంటున్నారు. నేను తల అడ్డంగా ఊపాను. నా చేతులతో ఇంకోసారి చెయ్యనని చెప్పాను. ఆయన వంటశాల వైపు తిరిగారు.

"నువ్వు కాకపోతే ఇంకొకడు. హత్తూన్, ఒక గిన్నెడు జిగురు కాచి పట్రా."

వంటశాల తలుపు తెరిచే ఉంది. హత్తూనక్క మోచేతుల దాకా పిండిలో ఉంది. తల ఎత్తలేదు.

"పిండి లేదు సైదనా."

"మరి ఆ చేతులకున్నదేమిటి?"

"ఇది రొట్టెలకి. ఇన్నేళ్ళూ ఎన్ని పెట్టాలో తెలీక ఎవరికి తోచినన్ని పెట్టాం. ఇప్పుడు లెక్క తెలిసింది, నలభై ఒకటి." ఆవిడ ముద్దను తిప్పి బల్ల మీద కొట్టింది. "మా ఊరివాళ్ళు బయల్దేరారట. ఈసారి తలుపు లోపల పెడతారు. తాళం ఎవరి దగ్గరుంది?"